వేలాడే హోసులు, వెతుక్కునే చెయ్యి: నా డైవింగ్ జాకెట్ సర్దిన డైరీ

నవంబరు 9

ఈరోజు రుషికొండ దగ్గర రెండో డైవ్‌లో వలకి చిక్కుకున్నాను. రెండు మూడు నిమిషాల వ్యవహారమే, పెద్ద ప్రమాదం కాదు. కానీ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా అదే గుర్తొస్తోంది. అందుకే రాసి పెట్టుకుంటున్నాను.

పది మీటర్ల లోతు. నీళ్ళు మసకగా ఉన్నాయి, మూడు నాలుగు మీటర్లకి మించి ఏమీ కనబడట్లేదు. ఎప్పుడో తెగిపోయిన వల ముక్క ఒకటి బండకి చుట్టుకుని ఉంది. దాని పక్కనుంచి పోతుంటే ఎడమవైపు ఎవరో పట్టుకుని లాగినట్టయింది. సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో చూపే నా ప్రెషర్ గేజ్, హోస్ (గొట్టం) చివర ఎప్పట్లాగే కింద వేలాడుతోంది. దానికో రిట్రాక్టర్ తగిలించాను. లాగితే సాగి, వదిలితే చుట్టుకుపోయే సన్నని తీగ అది. ఆ తీగ వల కన్నుల్లోకి దూరింది. నేను ముందుకి ఈదినంతసేపూ సాగింది, ఆగగానే వలని కూడా తీసుకుని నా మీదికి వచ్చింది.

కత్తి కుడి పిక్కకి కట్టి ఉంది. ఒడ్డు మీద నిలబడి వంగితే బాగానే అందుతుంది. నడుము వలకి కట్టేసినట్టున్నప్పుడు వంగితే మాత్రం ఇంకో నాలుగు కన్నులు ఆక్టోపస్‌కి తగులుకున్నాయి. (డైవింగ్ తెలియనివాళ్ళ కోసం: ఇది జీవి కాదు. పక్కవాడికి గాలి అయిపోతే ఇవ్వడానికి మోసే పసుపుపచ్చ రెండో రెగ్యులేటర్, అంటే సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం.) గేజ్ చూద్దామంటే అదే వలలో ఉంది. చివరికి బావ వచ్చి కోశాడు. విడిపించుకుని చూసుకుంటే 90 బార్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి కొలత) ఉంది. వలకి ముందు చూసినప్పుడు 110. భయపడితే ఎంత గాలి లాగేస్తామో అర్థమైంది.

పడవెక్కాక బావ ఒక్క మాటే అన్నాడు. "గంగిరెద్దులా తయారై దిగుతున్నావురా. సంక్రాంతికి ఇంకా రెండు నెలలుంది."

నవంబరు 11

డాబా మీద పాత దుప్పటి పరిచి, వీపున సిలిండర్ మోసే డైవింగ్ జాకెట్‌ని సిలిండర్‌కి బిగించినట్టే నిలబెట్టి చూశాను. వేలాడేవి లెక్కపెడితే పదకొండు తేలాయి. రెండు రిట్రాక్టర్లు, స్ప్రింగు తాడుతో టార్చి, పెన్సిల్‌తో సహా పలక, చప్పుడు చేసి పిలవడానికి సిలిండర్ మీద కొట్టే గుండు, ఇసుకలో ఆనించుకునే స్టీలు పుల్ల, దిక్సూచి, ఈల, ఎస్ఎంబీ (మేం కింద ఉన్నామని పడవలకి చూపే గాలిసంచి) చుట్ట, కొండలెక్కేవాళ్ళు వాడే కొక్కెం ఒకటి, దానికి తగిలించిన కెమెరా తాడు.

ఆ కొక్కెం సంగతి ముందు చెప్పాలి. దాని నోరు లోపలికి తెరుచుకునే రకం. ఏ తాడైనా దాని మీద నొక్కుకుంటే చాలు, మన ప్రమేయం లేకుండా లోపలికి వెళ్ళిపోతుంది. బయటికి మాత్రం రాదు. వలలున్న సముద్రంలో ఇంతకంటే పనికిమాలిన వస్తువు లేదు. రెండేళ్ళుగా దాన్ని ఛాతీ మీద పెట్టుకుని తిరిగాను. దాన్ని తీసి వంటింట్లో మేకుకి తగిలించాను, అమ్మ సంచులు వేసుకుంటుంది.

గుండు, పుల్ల, పలక తీసేశాను. పలక మీద రెండేళ్ళలో నేను రాసింది ఒక్క ముక్కే, "తాబేలు" అని. అదీ బావ నాకంటే ముందే చూశాడు.

రిట్రాక్టర్లు రెండూ విప్పి చూశాను. ఒకదాని లోపల స్ప్రింగు తుప్పుపట్టి గోధుమరంగు పొడి రాలింది. బయట ప్లాస్టిక్ మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. ఉప్పునీళ్ళు లోపలికి పోతాయి, మంచినీళ్ళలో ముంచినా కడిగినట్టు కాదు. రెండూ చెత్తబుట్టలోకి.

నవంబరు 16

ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. కావలసింది రెండే వస్తువులు. బోల్ట్ స్నాపులు, వాటిని కట్టే నైలాన్ దారం.

బోల్ట్ స్నాప్ అంటే కుక్క గొలుసు చివర ఉంటుందే, బొటనవేలితో చిన్న పిడిని వెనక్కి లాగితే నోరు తెరుచుకునేది, అదే. తాడు తనంతట తాను లోపలికి పోలేదు, పిడిని ఎవరో ఒకరు లాగాల్సిందే. హార్బర్ షాపుల్లో దొరికేవి ఎక్కువ ఇత్తడివి, పైన తెల్ల పూత. అయస్కాంతం పట్టుకెళ్ళాను, అంటుకోకపోతే స్టీలు అనుకుని. ఇత్తడికీ అది అంటుకోదని షాపులో నిలబడ్డాక వెలిగింది. పిడి పక్కన గోరుతో గీకితే పసుపు రంగు బయటపడింది. డైవింగ్ వాళ్ళు ఎక్కువగా వాడేది 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, అవి నాలుగు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. రెండు ఇత్తడివి మాత్రం ఇక్కడే కొన్నాను. దానికి కారణం గట్టు మీద వల బాగుచేసుకుంటున్న ఒక తాత.

నేను స్నాపుని వెలుతురుకి పెట్టి చూస్తుంటే "దేనికి బాబూ?" అన్నాడు. చెప్పాను. చేతిలోకి తీసుకుని పిడిని నాలుగైదుసార్లు ఆడించి, "ఇత్తడైతే తిరుగుతాది బాబూ. ఇనుమైతే రెండు నెల్లకి పట్టేస్తాది" అన్నాడు. మా ఇద్దరిదీ ఒకే సముద్రం కాబట్టి నమ్మాను.

దారం కూడా ఆయనే ఏరిపెట్టాడు. పురి పెట్టినది కాదు, జడలా అల్లినది, రెండు మిల్లీమీటర్ల లావు. పురి దారాన్ని కోస్తే కొస విచ్చుకుపోతుంది. అల్లినది కాస్త మేలు, కాల్చితే గట్టిపడిపోతుంది.

నవంబరు 19

మూడు సాయంత్రాలు ఒక్క గేజ్ కట్టడానికే సరిపోయాయి. వివరంగా రాస్తాను, మళ్ళీ నాకే కావాలి.

స్నాపుని గేజ్‌కి ఇనుప రింగుతో తగిలిస్తే ఐదు నిమిషాల పని. కానీ ఇనుముకి ఇనుము తగిలించకూడదు. స్నాప్ ఎక్కడైనా ఇరుక్కుంటే, పిడి పట్టేస్తే, నీళ్ళలో ఇనుముని కోసే సాధనం మన దగ్గర ఉండదు. మధ్యలో దారం ఉంటే ఒక్క కోతతో బయటపడతాం. అంటే ఈ ముడి రోజూ గట్టిగా పట్టుకోవాలి, అవసరం వచ్చిన రోజు తెగాలి.

అరవై సెంటీమీటర్ల దారం తీసుకున్నాను. హోస్ గేజ్‌ని కలిసేచోట లోహపు బిగింపు ఉంటుంది. రబ్బరు మీద కాకుండా దాని మీద మూడు చుట్లు. తర్వాత స్నాప్ కన్నంలోంచి తీసి మళ్ళీ బిగింపు చుట్టూ, అలా మూడుసార్లు. ఇప్పుడు స్నాప్‌కీ హోస్‌కీ మధ్య ఆరు పోగులు నిలబడ్డాయి. ఆ పోగుల నడుం చుట్టూ అడ్డంగా నాలుగు చుట్లు బిగించి చుట్టాలి. కట్టెలమోపుకి నడిమికట్టు వేసినట్టు. చివర రెండు కొసలూ కుడి మీద ఎడమ ఒకసారి, ఎడమ మీద కుడి ఒకసారి.

మొదటిరోజు రెండుసార్లూ కుడి మీద ఎడమే వేశాను. చూడటానికి ముడిలానే ఉంది. గేజ్ పట్టుకుని గట్టిగా లాగితే నెమ్మదిగా జారి నా చేతికే వచ్చేసింది. రెండోరోజు ముడి కుదిరింది కానీ పోగులు మరీ పొట్టి. గేజ్ నడుముకి అతుక్కుపోయి అద్దం పైకి తిరగట్లేదు. మూడోరోజు రెండు వేళ్ళ సందు వదిలాను. ఇప్పుడు స్నాప్ తీయకుండానే గేజ్‌ని పైకి తిప్పి అంకె చూడొచ్చు.

కొసలు కాల్చడానికి లైటర్ తెచ్చాను. హోస్ పక్కన మంట పెట్టాలంటే చెయ్యి వణికింది. స్టవ్ మీద పాత చెంచా కాడ వేడిచేసి దాంతో కొసల్ని అదిమాను. కరిగిన నైలాన్ చుక్క చూపుడువేలి మీద పడి అతుక్కుంది. నూనె చుక్కైతే జారిపోతుంది, ఇది పోదు. బొబ్బ.

గేజ్ స్థానం ఎడమ తుంటి మీది డీ రింగ్, అంటే జాకెట్ పట్టీకి ఉండే D ఆకారపు లోహపు రింగు. ఇక అక్కడే ఉంటుంది.

నవంబరు 23

ఆక్టోపస్ దగ్గర బావకీ నాకూ గంటసేపు వాదన.

గుహల్లో డైవ్ చేసేవాళ్ళ పద్ధతి వేరు. ఫ్లోరిడాలో బిల్ హోగార్త్ మెయిన్ పేరు మీద ప్రచారంలోకి వచ్చిన అమరికలో, గాలి అయిపోయినవాడికి నోట్లో ఉన్న రెగ్యులేటరే ఇచ్చేస్తారు. దానికి ఏడడుగుల పొడుగు హోస్ ఉంటుంది. తమ కోసం రెండోది మెడలో రబ్బరు దండకి వేలాడుతుంటుంది, గడ్డం కిందే. బావ ఆ పద్ధతి నేర్చుకున్నాడు. నన్నూ మారమంటాడు.

నేను నేర్చుకున్నది పసుపుపచ్చది ఇవ్వడం. వీడియో చూసి హోసులు మార్చేసి, కంగారులో చేతులు పాత అలవాటుకే పోతే? నేర్పేవాళ్ళ దగ్గర కూర్చునేదాకా మార్చను. ఈ ఒక్క విషయంలో బావ మాట వినలేదు.

అయితే ఇన్నాళ్ళూ ఉన్నచోట మాత్రం ఉంచలేదు. గడ్డానికీ పక్కటెముకల అంచులకీ మధ్య ముక్కోణంలో ఉండాలి, ఎదుటివాడికి కనిపించాలి, లాగితే రావాలి, లాగకపోతే రాకూడదు. మందుల షాపులో మెత్తటి రబ్బరు గొట్టం కొని, కుడి ఛాతీ డీ రింగ్‌కి ఉచ్చులా కట్టి, మౌత్‌పీస్‌ని అందులో దూర్చాను. ఎంత గట్టిగా లాగితే వస్తుందో తెలియాలి కదా. ప్రయాణాలకి సూట్‌కేసు తూచుకునే హుక్కు కాటా ఉంది. దాంతో లాగితే తొమ్మిది కిలోల దగ్గర ఊడింది. గాలి అందనివాడు లాగితే నేను కూడా దాంతోపాటు పోతాను. ఉచ్చు వదులు చేసి మళ్ళీ, మళ్ళీ. మూడు కిలోల దగ్గర ఆపాను. జాకెట్‌ని తిరగేసి కుదిపితే పడట్లేదు, రెండు వేళ్ళతో లాగితే వస్తోంది.

నవంబరు 25

సైకిల్ షాపు. పాత ట్యూబు అడిగితే ఊరికే ఇచ్చాడు. రెండు సెంటీమీటర్ల వెడల్పున ఉంగరాల్లా కోశాను, ఒక్క ట్యూబుకి జీవితానికి సరిపడా వచ్చాయి. భుజం పట్టీకి రెండేసి తొడిగాను. టార్చి తోకకి స్నాప్ కట్టి ఛాతీ డీ రింగ్‌కి తగిలించి, తల కిందికి పెట్టి ఆ రబ్బర్ల కింద దూర్చితే కదలదు. తీయకుండానే వెలిగించొచ్చు. ఎండకి రబ్బరు పగులుతుంది కాబట్టి నాలుగు ఉంగరాలు పెట్టెలో వేసుకున్నాను. ఈ మొత్తం ప్రాజెక్టులో ఖర్చు లేకుండా, ఒక్కసారికే కుదిరిన పని ఇదే.

నవంబరు 27

పిక్క కత్తి విప్పేశాను. దాని అంచు చూస్తే సిగ్గేసింది, టమాటా కూడా తెగదు.

దాని బదులు రెండు. నడుం పట్టీకి బొడ్డుకి కాస్త ఎడమగా పొట్టి కత్తి, ఏ చేతికైనా అందేలా. ఎడమ భుజం పట్టీ మీద చిన్న కట్టర్. వేలు దూర్చి లాగితే సందులో పడ్డ దారాన్ని కోసే రకం, లోపల బ్లేడు, బయటికి పదును కనబడదు. హార్బర్ నుంచి తెచ్చిన పాత వల ముక్కల్ని డాబా కమ్మీకి బిగించి కళ్ళు మూసుకుని రెండింటితోనూ కోసి చూశాను. సన్నని గాలపు దారం, వల కన్ను దారం కట్టర్ ఒక్క లాగుకి తెంపేసింది. వల అంచున ఉండే లావు తాడు మాత్రం కట్టర్ సందులో పట్టనే లేదు, కత్తితో రంపంలా కోయాల్సి వచ్చింది. అందుకే రెండూ ఉండాలి.

నవంబరు 30

ఎస్ఎంబీ రోజు. నీళ్ళలోంచే గాలి నింపి పైకి వదిలే నారింజరంగు పొడవాటి సంచి ఇది. మరపడవల వాళ్ళకి మేం కింద ఉన్నామని తెలిసేది దీంతోనే. దీంతోపాటు ముప్ఫై మీటర్ల దారం చుట్టిన స్పూల్. ఇన్నాళ్ళూ రెండూ చుట్టగా వెనక వేలాడేవి. ఇప్పుడు కుడి తొడ జేబులోకి మార్చాను, అదనపు మాస్క్ కూడా అందులోనే.

తెలిసినవాళ్ళ అపార్ట్‌మెంట్ ఈతకొలనులో దిగి ఎస్ఎంబీ లాగితే, దాంతోపాటు మాస్క్ బయటికొచ్చి నెమ్మదిగా అడుగుకి చేరింది. ఈతకొలను కాబట్టి నవ్వుకున్నాం. ఇంటికొచ్చి జేబు లోపల పైఅంచున రెండు సాగే తాడు ఉచ్చులు కుట్టించాను. చెప్పులు కుట్టే ఆయన దగ్గరే, ఆ మందం గుడ్డలోకి మా కుట్టుమిషను సూది దిగలేదు. ఇప్పుడు ప్రతి వస్తువుకీ సొంత ఉచ్చు, సొంత స్నాప్. ఒకటి తీస్తే రెండోది కదలదు.

ఒక జాగ్రత్త బావ మూడుసార్లు చెప్పాడు. సంచిలో గాలి నింపేటప్పుడు స్పూల్ చేతిలో ఉండాలి, జాకెట్‌కి తగిలించి ఉండకూడదు. పది మీటర్ల దగ్గర నింపిన గాలి పైకి చేరేసరికి రెట్టింపవుతుంది. దారం ఎక్కడైనా ఇరుక్కుంటే మనల్నీ తీసుకుని పోతుంది. చేతిలో ఉంటే వదిలేయొచ్చు.

డిసెంబరు 3 నుంచి 10

అల్పపీడనం, సముద్రం మూసేసినట్టే. రోజూ సాయంత్రం డాబా మీద వెట్‌సూట్, జాకెట్, గ్లౌజులు వేసుకుని, కళ్ళకి తువ్వాలు కట్టుకుని సాధన. బావ అంటాడు, "కట్టర్!" నేను పట్టుకోవాలి. "మాస్క్!" "గేజ్ తీసి మళ్ళీ తగిలించు!"

రెండోరోజు అమ్మ బట్టలు తీయడానికి పైకొచ్చింది. "ఏంట్రా ఆ వేషం? పక్కింటి పిన్నిగారు అరగంట నుంచి నిన్నే చూస్తోంది."

ఈ సాధనలోనే ఒక తప్పు దొరికింది. హార్బర్‌లో కొన్న ఇత్తడి స్నాపుల పిడి చిన్నది. ఒట్టి చేత్తో బాగుంది, గ్లౌజు వేస్తే బొటనవేలు జారుతోంది. తాత మాట తప్పు కాదు, ఆయన గ్లౌజులు వేసుకోడు. గేజ్‌కి పెద్ద పిడి ఉన్న స్టీలు స్నాప్ మార్చి మళ్ళీ కట్టాను. ఈసారి ఇరవై నిమిషాల్లో అయింది, బొబ్బ లేదు.

తీసేసినవన్నీ వంటింటి కాటా మీద పెడితే కిలో మూడు వందల గ్రాములు. కొత్తగా చేరినవి నాలుగు వందల చిల్లర. ఫిబ్రవరిలో అండమాన్ వెళ్ళాలి, పదిహేను కిలోల లగేజీలో దాదాపు తొమ్మిది వందల గ్రాములు మిగలడం చిన్న విషయం కాదు. (కత్తి, కట్టర్ చెక్ ఇన్ బ్యాగులో, టార్చి లిథియం బ్యాటరీలు విప్పి చేతి సంచిలో. రాసి పెట్టుకోకపోతే మర్చిపోతాను.) అక్కడ ఇంకో లెక్క కూడా ఉంది. స్వరాజ్ ద్వీప్ దగ్గర వేలాడే గేజ్ వలకి కాదు, పగడాలకి తగులుతుంది. మన వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవులవి. వాటి మీద గేజ్ ఈడ్చుకుంటూ పోయిన డైవర్లని చూశాను, అందులో ఒకడు ఫోటోల్లో నాలాగే ఉంటాడు.

డిసెంబరు 14

ఈరోజు దిగాం. రుషికొండే, అదే వైపు.

ముందు, మునగడానికి నడుముకి కట్టుకునే సీసం లెక్క. ఈతకొలనులో సరిపోయిన బరువు సముద్రంలో సరిపోదు. ఉప్పునీళ్ళు రెండున్నర శాతం బరువెక్కువ. నేనూ సామానూ కలిపి తొంభై అయిదు కిలోలు, అంటే దాదాపు రెండున్నర కిలోల సీసం అదనంగా కావాలి. బెల్ట్‌కి రెండు కిలోలు వేసుకుని చూస్తే ఖాళీ సిలిండర్‌తో తేలేలా అనిపించింది, ఇంకో అర కిలో కలిపాను.

దిగేముందు బావకి ఏది ఎక్కడుందో ఒక్కొక్కటీ చేత్తో తాకి చూపించాను. ఆయన కూడా తాకి చూశాడు. నేను మళ్ళీ వలలో చిక్కుకుంటే నా కట్టర్ వెతకాల్సింది ఆయనే కదా.

మొదటి పది నిమిషాలు కుడిచెయ్యి పాత అలవాటుతో గాల్లో, అంటే నీళ్ళలో, గేజ్‌ని వెతికింది. తర్వాత ఎడమచెయ్యి నేర్చుకుంది. ఈదుతుంటే వింతగా నిశ్శబ్దం. ఇన్నాళ్ళూ సిలిండర్‌కి ఏదో ఒకటి టక్‌టక్‌మని కొట్టుకునేది, అది సముద్రం చప్పుడనుకున్నాను.

ఎస్ఎంబీ వదలడం ఒక్కసారికే కుదిరింది. మాస్క్ జేబులోనే ఉంది.

ఒకటి కుదరలేదు. కెమెరా. దానికి చోటు దొరకలేదు, చేతిలోనే పట్టుకుని ఈదాను. చెయ్యి ఖాళీ లేక ఆక్టోపస్ తీసి చూపించమని బావ సైగ చేసినప్పుడు తడబడ్డాను. అది ఇంకా తేలాలి.

జనవరి 4

నాలుగు డైవులయ్యాయి. ఇంటికి రాగానే స్నాపులన్నీ బకెట్ మంచినీళ్ళలో వేసి, నీళ్ళలోనే పిడిని పదిసార్లు ఆడిస్తున్నాను. ఒక్క ఆదివారం బద్ధకించి మర్నాడు చూస్తే ఒకటి సగంలో ఆగిపోయింది. ఉప్పు గట్టిపడింది. వేడినీళ్ళలో నానబెడితే కదిలింది.

కెమెరాకి ప్రస్తుతానికి రెండు వైపులా స్నాపులున్న పొట్టి దారం. వాడనప్పుడు ఎడమ ఛాతీ, కుడి ఛాతీ రింగుల మధ్య ఊయలలా ఉంటుంది. బావకి నచ్చలేదు. నాకూ పూర్తిగా నచ్చలేదు. అండమాన్‌కి కెమెరా తీసుకెళ్ళకపోవచ్చు.

ఈ సాయంత్రం గేజ్ ముడి చూస్తుంటే అడ్డకట్టు దగ్గర ఒక పోగు నూగులా లేచింది. స్నాప్ అంచు రాసుకుంటున్నట్టుంది. మార్చేయాలి. కత్తెర కోసం లోపలికి వెళ్ళబోయి ఆగాను. జాకెట్ తొడుక్కుని, స్నాప్ తుంటి రింగ్‌కి తగిలించి, కళ్ళు మూసుకుని కుడిచెయ్యి ఎడమ భుజానికి వేశాను. కట్టర్ దొరికింది. ముడి దగ్గర పెట్టి లాగితే టప్‌మని తెగి గేజ్ తొడకి కొట్టుకుంది.

కొత్త దారం అరవై సెంటీమీటర్లు కొలిచి పెట్టాను. అన్నం తిన్నాక కడతాను.